మామ్మ కోసిన గలిజేరు

ఏటి ఒడ్డున ఒక పేట. ఒకప్పుడు అక్కడ నూనె మిల్లులు, బియ్యం మిల్లులు, వరసగా గోదాములు ఉండేవి. గూడ్సు బండి మిల్లు గుమ్మం దాకా వచ్చి బస్తాలు ఎక్కించుకుపోయేది. తర్వాత సరుకంతా లారీలెక్కింది. మిల్లులకు తాళాలు పడ్డాయి. పట్టాలు తుప్పుపట్టాయి.

ఆ పట్టాల పక్కనే రెండు గదుల అద్దె ఇంట్లో ఒక మామ్మ ఉండేది. బండ్లు ఆగిపోయాక కంకర సందుల్లో గలిజేరు మొలిచింది. మామ్మ పొద్దున్నే చేటలోకి గుప్పెడు కోసుకొచ్చి పెసరపప్పులో వేసి వండేది. వేసవిలో స్లీపర్ల మీద పాత చీర పరిచి, తడి చేత్తో మినప వడియాలు పెట్టేది. పక్కన పట్టా కాగిపోతూ ఉండేదేమో, మధ్యాహ్నానికల్లా పైపొర గట్టిపడేది. పొద్దువాలాక పేట ఆడవాళ్లు అక్కడే చేరి పిల్లలకు తలలు దువ్వేవారు.

ఒకనాడు ఆ పట్టాలు పీకి తుక్కు కింద అమ్మేస్తారని కబురొచ్చింది. పేటలోనే ఉండే ఇద్దరు కుర్రాళ్లు అడ్డుపడ్డారు. చెప్పులరిగేలా కచేరీల చుట్టూ తిరిగి, నలుగురినీ కూడగట్టి పట్టాలను నిలబెట్టారు. అక్కడ తోట వేద్దామన్నారు. ఇంటింటికీ వచ్చి అడిగారు కూడా.

“మామ్మా, పూలు ఎర్రవి బాగుంటాయా, పసుపువా?”

“పసుపువే వెయ్యి నాయనా, కళగా ఉంటాయి.”

“కూర్చోడానికి బల్లలు రాతివి వెయ్యమంటావా, కర్రవా?”

“కర్రవైతే ఎండకు కాలవు.”

అన్నట్టే పసుపు పూలు పూశాయి. కర్ర బల్లలు వచ్చాయి. ఎక్కడెక్కడి జనమో చూడ్డానికి వచ్చారు. మూతపడ్డ మిల్లుల చోట అద్దాల మేడలు లేచాయి. ఇంటి ఓనరు ఆ ఏడు అద్దె రెట్టింపు చేశాడు, మరుసటేడు ఇల్లే అమ్మేశాడు. మామ్మ మూట కట్టుకుని, రెండు బస్సులు మారితే గాని రాని కాలనీకి వెళ్లిపోయింది.

కార్తీక మాసంలో ఏటి స్నానానికి వచ్చిన మామ్మ, కాళ్లు లాగితే తోటలోకి నడిచింది. పట్టాల నడుమ గలిజేరును పొందికగా పెంచి, పక్కన పేరు రాసిన పలక పెట్టారు. మామ్మ అలవాటుగా వంగి గుప్పెడు కోసింది. వాచ్‌మన్ ఈల వేశాడు. “మొక్కలు ముట్టుకోకూడదమ్మా!”

ఆ ఇద్దరిలో ఒక కుర్రాడు అటుగా వస్తూ ఇది చూశాడు. వాడి మొహం పాలిపోయింది. “మామ్మా, నిన్ను అడిగే కదా అంతా చేశాం?”

“అడిగావు నాయనా. పూల రంగు అడిగావు.” చేతిలోని ఆకును పలక పక్కన పెట్టి, మామ్మ బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

నీతి: పేట ఎలా ఉండాలని అడగబోయే ముందు, ఆ పేటలో ఉన్నవాళ్లు అక్కడే ఉండాలంటే ఏం కావాలో అడగాలి.

ఈ కథ నేను అల్లిందే. కానీ దీనికి పునాది న్యూయార్క్‌లో ఉంది. మన్‌హాటన్ పడమటి వైపు, హడ్సన్ నది దగ్గర, ఒకప్పుడు గూడ్సు బండ్లు వీధిలోనే నడిచేవి. వాటి కింద పడి ఎంతమంది పోయారంటే, పదో అవెన్యూకి ‘చావు వీధి’ అనే పేరు పడింది. గుర్రం మీద ఒక మనిషి ఎర్రజెండా ఊపుతూ బండికి ముందు వెళ్లేవాడు. ఆ బాధ తప్పించడానికే సుమారు 30 అడుగుల ఎత్తున వంతెన కట్టి, 1934లో పట్టాలను పైకెక్కించారు. బండి ఏకంగా ఫ్యాక్టరీల పై అంతస్తుల్లోకి వెళ్లి సరుకు దించేది. తర్వాత అక్కడా లారీలే గెలిచాయి. 1980లో ఆఖరి బండి నడిచింది.

కూల్చేద్దామనుకున్న ఆ వంతెనను కాపాడడానికి 1999లో జాషువా డేవిడ్, రాబర్ట్ హామండ్ అనే ఇద్దరు పేటవాసులు పూనుకున్నారు. 2009లో మొదటి భాగం తోటగా తెరుచుకుంది. అదే హైలైన్. పట్టాల మధ్య వాటంతటవే మొలిచిన గడ్డీ పూలమొక్కలే, పీట్ ఔడాల్ఫ్ వేసిన తోటకు ఒరవడి అయ్యాయి. ఇంత అందమైన పని చేసినవాళ్ల మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు. కానీ ఆ చుట్టుపక్కల స్థలాల ధరలు ఆకాశాన్నంటాయి. తోటకు కూతవేటు దూరంలోనే పేదల కోసం కట్టిన ప్రభుత్వ ఇళ్ల సముదాయాలున్నాయి. ప్రభుత్వ అద్దె కాబట్టి వాళ్లను వెంటనే ఎవరూ లేపలేదు, కానీ ఆ తోట మాది అన్న భావం వాళ్లలో చాలామందికి కలగలేదు. తోట ఎలా ఉండాలని అడిగాం గాని, మీకేం చెయ్యగలం అని అడగలేకపోయామని హామండే 2017లో ఒప్పుకున్నారు. గెలిచిన మనిషి అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అప్పటికి అద్దాల మేడలు లేచిపోయాయి.

మనకింకా వేళ మించిపోలేదు. రాజమండ్రిలో హేవ్‌లాక్ వంతెన ఉంది. 1900లో మొదలై దాదాపు వందేళ్లు గోదావరి మీద బండ్లను మోసి, 1997లో విశ్రాంతి తీసుకుంది. దాన్నీ పుష్కరఘాట్‌నీ పర్యాటకులకు తగ్గట్టు తీర్చిదిద్దడానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ వంతెన మీద దీపాలు వెలగాలనీ, మా పిల్లలు దాని మీద నడిచి నది మధ్యకు వెళ్లాలనీ నాకూ ఉంది. అయితే గోదావరి స్టేషన్లో దిగి గట్టు వైపు నడిస్తే కనిపించేవాళ్లు కొందరున్నారు. వల బాగుచేసుకునేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, ఆకుదొన్నెలో దీపం పెట్టి అమ్మే ఆడవాళ్లు. దీపాలు ఏ రంగువి పెట్టాలని వాళ్లను తర్వాత అడుగుదాం. ముందు వాళ్ల పక్కన గట్టు మీద కూర్చుని, రేపు ఇక్కడ అద్దె పెరిగితే ఎక్కడికి పోతావమ్మా అని అడిగి, చెప్పేది రాసుకుందాం.