ముందు ఇల్లు ఆరనివ్వు అమ్మలూ

అమ్మలూ, ఆటోనగర్ పక్క సందులో మీరు అద్దెకి తీసుకున్న ఇల్లు చూసొచ్చాను. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. తూర్పున బాల్కనీ, పైన మేడ, మేడ మీద కుండీలు పెట్టుకునే చోటు. కొత్త కాపురానికి ఇంతకన్నా ఏం కావాలి? దసరా వస్తోంది, ఇల్లెలా సర్దుకోవాలి అత్తయ్యా అని అడిగావు కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నాను. తీరిగ్గా చదువుకో, అల్లుడుగారికీ వినిపించు. ఇందులో సగం పనులు ఆయనవే.

నువ్వు ఫోనులో చూపించిన ఇళ్లు బాగున్నాయి. ఎర్రటి ఆకుల తోరణాలు, గుమ్మం దగ్గర గుమ్మడికాయలు, వంటింట్లో ఓవెన్‌లోంచి తీసిన రొట్టెలు. అది మంచు కురవబోయే దేశాల శరత్తు. వాళ్లు రాబోయే చలికి కిటికీలు బిగించుకుని ఇంటిని లోపల్నుంచి వెచ్చబరుచుకుంటారు. మనకి ఆకులు రాలేది శిశిరంలో. ఆశ్వయుజంలో మన చెట్లు వానకి కడిగినట్టుగా పచ్చగా ఉంటాయి, చెమ్మ పట్టి ఉండేది ఇల్లు. అందుకని వాళ్లు ఇల్లు మూసుకునే రోజుల్లో మనం తెరుచుకోవాలి. ముందు ఇంటిని ఆరనివ్వు, అలంకారం తర్వాత. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీన్లోంచి వచ్చేవే.

నువ్వు పెరిగిన హైదరాబాదులో వాన వెలిసిన రెండు రోజులకి గోడలు పొడిబారతాయి. ఇక్కడ విజయవాడలో అలా కుదరదు. అడుగున నల్లరేగడి, ఊరి మధ్యనుంచి బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ, పైగా సముద్రపు గాలి. ఇక్కడి గోడ నీళ్లు తాగిందంటే ఓ పట్టాన వదలదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో ఉండిపోయాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజి మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది, బ్యారేజి కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. నీళ్లు తీశాక బురద కడుక్కుని, నెల తిరక్కుండానే దసరాకని రంగులు వేయించుకున్నవాళ్లని చూశాను. పాపం, అప్పు చేసి మరీ వేయించారు. సంక్రాంతి నాటికి ఆ రంగు పొక్కులు లేచి, గోరుతో గీకితే అట్టలు అట్టలుగా ఊడొచ్చింది. నీళ్లు నిలిచిన ఎత్తుకన్నా పైదాకా గోడ తడి పీల్చుకుంటుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఇటుక తడిగానే ఉంటుంది.

మీ ఇంటికి వరద రాలేదు, నిజమే. కానీ పడమటి గది గోడ మీద, కిటికీ కింద, అరచేయంత మేర సున్నం ఉబ్బి ఉంది, చూశావా? పండగకి ముందే రంగులు వేయించేద్దాం అంటున్నారట. వద్దు. ఒక పాలిథిన్ ముక్క తీసుకుని అక్కడ నాలుగువైపులా టేపుతో బిగించి అంటించు. రెండు రోజులాగి చూడు. లోపలివైపు చెమర్చి ఉంటే గోడ ఇంకా తడి వదులుతోందన్నమాట. అది చెమర్చడం మానేదాకా రంగు డబ్బా మూత తీయవద్దు. దీపావళి దాటినా ఫరవాలేదు. ఈ లోగా బీరువా, మంచం ఆ గోడకి నాలుగు వేళ్ల ఎడంగా జరుపు. కిటికీలు పొద్దున పది గంటలకి తెరిచి, సాయంత్రం నాలుగున్నరకల్లా మూసెయ్యి. ఆపైన దోమలూ వస్తాయి, చెమ్మా వస్తుంది.

బొమ్మల కొలువు పెట్టాలని ఉందన్నావు. పెట్టుకో తల్లీ, మూడు మెట్లయినా చాలు. చెక్క మెట్లు మాత్రం ఆ గోడకి ఆనించకు. మీ అమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మల్ని తడిగుడ్డతో తుడవొద్దు, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులుపు, అంతే. అవి తెల్ల పొణికి కర్రతో చేసినవి, చాలా తేలికైన కర్ర. చేతులూ కాళ్లూ అతికేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో. తడి తగిలితే ముందు వదిలేది ఆ అతుకులే.

ఎండబెట్టే పనులన్నీ ఒక్కరోజే పెట్టుకోకు. నీకూ ఆఫీసుంది. ఒక్క ఎండకి ఒక్క పని. ఒకరోజు బూరుగుదూది పరుపు, ఒకరోజు పప్పులు. కందిపప్పు, మినప్పప్పు పల్చగా ఎండబెట్టి, సాయంత్రం లోపలికి తెచ్చాక పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు డబ్బాకెత్తు. వేడి మీద మూత పెడితే మూతకి చెమటపట్టి మళ్లీ అదే కథ. కందిపప్పుకి అరచేతిలో కాస్త ఆముదం రాసుకుని పట్టించావంటే పురుగు రాదు. పట్టుచీరలు ఎండలో వేయకు, నీడపట్టున గాలికి ఆరేసి, పాత మడత కాకుండా కొత్త మడత వెయ్యి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకు, జరీ నల్లబడుతుంది.

మన పేటకి ఇంకో ఇబ్బంది ఉంది. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆటోనగర్ మరమ్మతు షెడ్లలో గ్రైండర్లు మొదలవుతాయి. ఆ ఇనప రజను కంటికి కనపడదు. తడిసిన తెల్లబట్ట మీద వాలి, మర్నాటికి తుప్పు చుక్కలుగా తేలుతుంది. అందుకని తెల్లబట్టలు, పిండివంటలకి ఆరబెట్టే బియ్యం షెడ్లకి సెలవు రోజున మేడమీద వేసుకో. మిగతా రోజుల్లో బాల్కనీలో, పైన పల్చటి పంచె కప్పి.

ఇక అల్లుడుగారి పని. కిటికీల ఊచలు, మేడ మెట్ల రెయిలింగు వానకి తుప్పెక్కి ఉన్నాయి. తుప్పు మీదే రంగు వేస్తే డబ్బూ రంగూ రెండూ దండగ. మీ మావయ్య బస్సు బాడీలకి చేసే పనినే ఇంట్లో చిన్నగా చేసుకోవచ్చు. ముందు వైరు బ్రష్షుతో రుద్ది, ఎమెరీ కాగితంతో ఇనుము తళుక్కుమనేదాకా గీకాలి. టిన్నర్ ముంచిన గుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత. అది రోజంతా ఆరాక పైన ఎనామిల్. అన్నిటికన్నా ముఖ్యం వేళ. ఈ నెలల్లో తెల్లవారుజామున ఇనుము మీద మంచు తడి పట్టి ఉంటుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. ఆ తడి మీద పూత వేస్తే ఆర్నెల్లకే బుడగలు. పదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా ముగించమను. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటని పేరున్న చోట ఉంటున్నారు. బ్రష్షు దగ్గర్నుంచి టిన్నర్ దాకా నడిచివెళ్లి తెచ్చుకోవచ్చు.

మేడ మీద వాననీళ్లు దిగే గొట్టాల మూతులు కూడా ఆయన్నే చూడమను. వానలు వెళ్లిపోయాయని నమ్మకు. మనకి అసలు తుపాన్లు వచ్చేది ఇప్పుడే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కార్తికంలోనే వచ్చింది. అప్పటికి నేను చిన్నదాన్ని. పెద్దవాళ్లు ఆ రాత్రి గురించి మాట్లాడుకుంటూ సగంలో ఆపేసేవాళ్లు, అది బాగా గుర్తు. 2025లో మొంథా తుపాను నాగులచవితి వెళ్లిన వారంలోనే, అక్టోబరు 28న నరసాపురం దగ్గర తీరం దాటింది. అందుకని గొట్టాల మూతుల దగ్గర ఆకులు తీసేసి, ఒక బకెట్ నీళ్లు పోసి గడగడా దిగుతున్నాయో లేదో చూసుకోండి. దీపావళికని మేడ మీద పెట్టిన తేలిక సామాను పండగ మర్నాడే కిందికి దింపెయ్యండి.

టైర్లలో మొక్కలు పెంచుదామని సరదాపడుతున్నావు. మన దగ్గర పాత టైర్లకి కొదవలేదు, రంగు వేస్తే ముచ్చటగానూ ఉంటాయి. కానీ అడుగున నాలుగు చిల్లులు వేయించనిదే ఒక్క టైరు కూడా మేడెక్కించొద్దు. డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు, టైరు మడతలో నిలిచిన గ్లాసుడు మంచినీళ్లు చాలు. గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో దోమ ఎగురుతుంది. నీళ్లు ఎండిపోయినా గుడ్లు అంచుకి అతుక్కుని నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి అంచు పీచుతో తోమాలి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్యశాఖవాళ్లు వచ్చి చెబుతారు కదా, ఆ మాట విను. కుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక నీళ్ల ట్రే, కూలరు తొట్టి ప్రతి శుక్రవారం. కింద షెడ్డువాళ్ల టైర్లు ఆరుబయట పడున్నాయి. కోప్పడకు, వాళ్ల మేస్త్రీతో మంచిగా చెప్పి పైన పట్టా కప్పించు. ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చిన కుర్రాళ్లు రాత్రిళ్లు అక్కడే పడుకుంటారు. ముందు జ్వరం వచ్చేది వాళ్లకే.

మొక్కలకి ఒట్టి నల్లమట్టి నింపకు. తడిస్తే బంకగా బిగుసుకుంటుంది, ఎండితే పగులుతుంది. ఒక పాలు మట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. ధనియాలు అలాగే చల్లకుండా అప్పడాల కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి వెయ్యి, వారం పది రోజుల్లో మొలుస్తాయి. మెంతికూర, పాలకూర, ముల్లంగి ఇప్పుడు వేసుకోవచ్చు. పాత అద్దెవాళ్లు వదిలెళ్లిన పందిరి చిక్కుడు కాయట్లేదని పీకేస్తానన్నావట. పీకొద్దమ్మా. దానికి పగలు చిన్నదైతే గానీ పూత రాదు. కార్తికం రానీ, గుత్తులు గుత్తులుగా పూస్తుంది. నీళ్లు పొద్దున్నే పొయ్యి, వారానికోసారి ఆకుల మీద కూడా చల్లి ఆ రజను కడుగు. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆకు తడిగా ఉండి మచ్చ తెగులు వస్తుంది.

ఇప్పుడు నీ ఓవెన్ సంగతి. కేకులు చేసుకో, ఎవరొద్దన్నారు? కానీ మన ఇళ్లలో పైనా కిందా నిప్పు పెట్టి కాల్చే రొట్టె ఎప్పట్నుంచో ఉంది, దిబ్బరొట్టె. మా అమ్మ కుంపటి మీద దళసరి ఇనప మూకుడు పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసేది. నీ ఓవెన్ చేసేది ఆ పనే. గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బు. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, గట్టిగా పిండి అందులో కలుపు. ఉప్పు, జీలకర్ర, అంతే. రెండు మూడు గంటలు ఊరితే చాలు, పుల్లబడకూడదు. మూకుడులో నూనె కాస్త ధారాళంగా వేసి కాగనిచ్చి, పిండి రెండంగుళాల మందాన పోసి మూతపెట్టు. సన్నసెగ మీద పాతిక నిమిషాలు. మధ్యలో మూత తీసి చూడాలనిపిస్తుంది, తీయకు. అంచు ముదురు గోధుమరంగుకి తిరిగి మూకుడునుంచి దానంతటది వదిలినప్పుడు తిప్పి, రెండోవైపు పది నిమిషాలు. ఓవెన్‌లో అయితే మూకుడునే లోపలపెట్టి వేడెక్కించి, 180 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు. పిడి చెక్కదో ప్లాస్టిక్‌దో కాకూడదు సుమా. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా, చెరకు పానకంతోనో అల్లప్పచ్చడితోనో తింటుంటే పండగ ప్రత్యేకంగా చేయక్కర్లేదు. ఒకటి కాలిస్తే నలుగురికొస్తుంది. దీపావళికి ఊరెళ్లలేని ఆ షెడ్డు కుర్రాళ్లకి సగం పంపు.

దసరాకి ఏడు రకాలు, దీపావళికి తొమ్మిది రకాలు చెయ్యాలని పెట్టుకోకు. అట్లతద్దికి అట్లు, నాగులచవితికి చిమ్మిలీ చలిమిడీ, ఇవి చాలు. కార్తికంలో దీపం పెట్టేటప్పుడు గాలికి ఊగే కర్టెన్ల దగ్గర పెట్టకు. ఎలాగూ అగ్గి సంగతి వచ్చింది కాబట్టి, గ్యాసు ట్యూబు మీద వేసిన తేదీ చూడు. ఐదేళ్లు దాటితే మార్చేయాల్సిందే.

ఉసిరికాయలు కార్తిక పౌర్ణమి దాటాక కొను, అప్పటికి ముదిరి రసం పడతాయి. పటమట రైతుబజారులో మచ్చలేనివి ఏరుకో. కడిగి, ఒక్క చుక్క తడి లేకుండా తుడిచి, దంచి గింజలు తీసి, ఉప్పు పసుపు కలిపి జాడీకెత్తు. మూడో రోజు తీస్తే ఊట దిగి ఉంటుంది. అందులో చింతపండు నానబెట్టి రుబ్బి, మళ్లీ జాడీలోనే దాచుకుని, కావలసినప్పుడల్లా కాస్త తీసి కారం, మెంతిపిండి, ఇంగువ పోపు పెట్టుకుంటే ఏడాదంతా ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టొద్దు. మా ఇంట్లో జాడీలు రెండున్నాయి, చిన్నది మీకు సరిపోతుంది. ఆదివారం అల్లుడుగారిని పంపు, మూతకి కట్టే గుడ్డతో సహా ఇస్తాను. ఇంటికి తీసుకెళ్లాక ఒక ఎండ చూపించు.