పట్టుకెళ్ళిన మనిషికి రసీదు

జీసీసీ డిపోలో చింతపండు తూకం వేసినప్పుడు మనవాళ్ళు ఒక పని తప్పకుండా చేస్తారు. చదువు రాని ముసలమ్మ కూడా చెయ్యి చాచి చీటీ అడుగుతుంది. ఎన్ని కిలోలు, ఏ రోజు, ఎంత ధర అన్నది ఎవరితోనైనా చదివించుకుని, కొంగున ముడేసుకుని గాని కొండెక్కదు. మరి ఒక మనిషిని ఇంటి నుంచో సంత నుంచో పోలీసులు పట్టుకెళ్తే? ఆ మనిషికి చీటీ అడగాలని మనలో ఎంతమందికి తోస్తుంది? అడిగే హక్కు ఉందని ఎంతమందికి తెలుసు? ఆ చీటీ ఊరందరూ చూడొచ్చని చట్టం చెబితే, చూశాక ఊరు దాన్ని ఏం చేసుకోవాలి?

మొదటి రెండు ప్రశ్నలకు చట్టంలో జవాబు ఉంది. చివరి దానికి జవాబు మన దగ్గరే వెతుక్కోవాలి. అదే కష్టం.

మాకు జరిగినది ముందు చెప్తాం. కొన్నేళ్ళ కిందట ఒక తల్లి పొద్దున్నే మా బడి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమె పెద్దకొడుకు మా దగ్గరే పదో తరగతి దాకా చదివాడు. చిన్నవాడు అప్పుడు ఏడో తరగతిలో ఉన్నాడు. "మేస్టారూ, మా గుంటడు రెండు రోజులై ఇంటికి రాలేదు. పోలీసోళ్ళు పట్టుకుపోనారని సంతలో సెప్పుకుంటన్నారు. సచ్చాడో బతికున్నాడో ఒక్క ముక్క కనుక్కోండి" అంది.

మేము ఇద్దరం సెలవు పెట్టి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాం. మొదటి స్టేషనులో మా దగ్గర అలాంటివాడెవడూ లేడన్నారు. రెండో చోట సారు వచ్చాక రమ్మన్నారు. సాయంత్రం దాకా చింతచెట్టు కింద కూర్చున్నాం. ఎదురుగా గోడకు నోటీసు బోర్డు ఉంది. దాని మీద హెల్మెట్ పెట్టుకోమని చెప్పే పాత పోస్టరు తప్ప ఇంకేమీ లేదు. సారు రాలేదు. చీకటి పడ్డాక తిరిగొచ్చేశాం.

మర్నాడు పొద్దున్న మా ఫోన్లకే వార్త వచ్చింది. వాట్సాప్‌లో ఒక ఫొటో. బల్ల మీద గంజాయి పొట్లాలు, వెనక నల్లగుడ్డ ముసుగులతో నలుగురు కుర్రాళ్ళు. ముఖం కప్పితే ఏం లాభం? కింద పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు అన్నీ రాశారు. కన్నతల్లి రోజంతా కూర్చుని అడిగితే దొరకని సమాచారం, ఏ సంబంధమూ లేనివాళ్ళకు అడక్కుండానే దొరికింది.

తర్వాత మేము చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. మాలో ఒకరం ఆ ఫొటోను "మన పిల్లలు ఎటు పోతున్నారో చూడండి" అని రాసి ఉపాధ్యాయుల గ్రూపులోకి పంపాం. మిగతావాళ్ళం ఏడుపు బొమ్మలు పెట్టాం. ఆ తల్లి ఇంటికి వెళ్ళి చెబుదామని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆమెకు ఆ సంగతి చిన్నకొడుకు చెప్పాడు. వాడికి బడిలో పిల్లలు చెప్పారు. వారం తిరక్కుండా వాడికి "గంజాయిగాడి తమ్ముడు" అని పేరు పడింది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ బడికి రాలేదు.

పెద్దవాడు ఎనిమిది నెలల తర్వాత బెయిలు మీద వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. అతను ఆ సంచి మోశాడా, అందులో ఏముందో తెలిసే మోశాడా, అసలు మోయలేదా, మాకు తెలియదు. కోర్టు కూడా ఇంకా తేల్చలేదు. తేల్చేసింది మేమే.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థ నడిపే డి.కె. బసు అనే ఆయన, లాకప్పు చావుల మీద వచ్చిన వార్తలు చూసి 1986లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుని, 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి. సమయం, తేదీ వేయాలి. ఇంటివాళ్ళు గాని, ఊళ్ళో పదిమందికీ తెలిసిన పెద్దమనిషి గాని దాని మీద సాక్షి సంతకం పెట్టాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చెప్పాలి. 12 గంటల లోపల జిల్లా కంట్రోల్ రూముకు తెలియజేయాలి, అక్కడ అందరికీ కనబడేలా బోర్డు మీద పెట్టాలి. ఈ సూత్రాలు తర్వాత చట్టంలోకే ఎక్కాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షన్ మెమో గురించి, 48వ సెక్షన్ బంధువులకు కబురు గురించి చెబుతాయి. 37వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషనులో ఏఎస్సై హోదాకు తగ్గని ఒక అధికారి ఈ పని చూడాలి. అరెస్టయినవాళ్ళ పేర్లు, చిరునామాలు, ఏ నేరం మోపారో స్టేషనులోనూ జిల్లా కేంద్రంలోనూ కనబడేలా ఉంచాలి. ఆ రోజు మేము చూసిన బోర్డు మీద ఉండాల్సింది ఇదే.

మరికొన్ని ఉన్నాయి. ప్రయాణ సమయం పోను 24 గంటల లోపల మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతుంది. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల లోపల వెబ్‌సైటులో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మనలాంటి చోట్ల నెట్ అందకపోతే 72 గంటల వరకు గడువు ఇచ్చింది. లైంగిక నేరాలు, పిల్లల మీద నేరాలు, ఉగ్రవాదం వంటి కేసులను మినహాయించింది. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారం అడిగితే 48 గంటల్లో ఇవ్వాలని సమాచార హక్కు చట్టంలో ఉంది. ఎస్టీలకు వకీలును ఉచితంగా ఇవ్వాలి, దానికి ఆదాయం లెక్క చూడరు. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు.

ఇవన్నీ ఎవరి కోసం పెట్టారు? తీర్పు పుట్టిందే లాకప్పు చావుల నుంచి. పట్టుకెళ్ళిన మనిషి మాయం కాకుండా ఉండడానికి, దెబ్బలు తినకుండా ఉండడానికి పెట్టారు. మన కొండల్లో మనుషుల్ని తీసుకెళ్ళి రోజుల తరబడి ఆచూకీ చెప్పని కాలం పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే. అందుకే మేము అనేది ఒకటే. అరెస్టు రికార్డు అంటే ఆ మనిషి ఏం చేశాడో చెప్పే కాగితం కాదు. ప్రభుత్వం ఆ మనిషిని ఏం చేసిందో చెప్పే కాగితం. అంటే డిపోలో ఇచ్చే చీటీ లాంటిదే. ఫలానావాణ్ణి ఫలానా వేళ మేము తీసుకున్నాం, వాడికి మేము బాధ్యులం అని ప్రభుత్వం రాసి ఇచ్చే రసీదు.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకెళ్ళింది. తీసుకున్నవేమిటో అక్కడి రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్ళారని మన ఏజెన్సీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తుపాకి తీసుకున్నందుకే ఆ మర్యాద పాటిస్తే, మనిషిని తీసుకున్న సర్కారు పాటించకపోతే ఎలా?

కాని రికార్డు అన్న మాట వింటే మనవాళ్ళకు భయం కూడా న్యాయమే. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాలను కుటుంబాలుగా రిజిస్టర్లలోకి ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. అక్కడ మనిషి ఏం చేశాడన్నది ఎవరికీ అక్కర్లేదు, ఏ తల్లికి పుట్టాడన్నదే చూశారు. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఆ అలవాటు మాత్రం రద్దు కాలేదు. వెనకబడిన వర్గాల అమాయకులను, ఎస్సీ, ఎస్టీలను, కేవలం ఆ పుట్టుకను బట్టి హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కించకూడదని సుప్రీంకోర్టు 2024 మే నెలలో కూడా చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

కాబట్టి మనకు రెండు ప్రమాదాలు ఉన్నాయి. రికార్డు లేకపోతే మనిషి మాయమవుతాడు. రికార్డు ముద్రగా మారితే మనిషి బతికుండగానే ఊళ్ళో లేనివాడవుతాడు. ఒకదానికి భయపడి రెండోదాన్ని ఒప్పుకోలేం.

కొందరు మిత్రులు ఇలా అడుగుతారు: "గంజాయి మన ఊళ్ళను తినేస్తోంది. ఎవరు మోస్తున్నారో ఊరికి తెలియొద్దా? సిగ్గుపడితేనే గదా మానేస్తారు?" ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. మేమూ పిల్లలున్నవాళ్ళమే. కాని ఆ ఫొటోలను వరసగా పెట్టి చూడండి. ఎవరున్నారు వాటిలో? సంచికి ఇంతని కూలికి ఒప్పుకున్న కుర్రాళ్ళు. సరుకు కొన్నవాడు, డబ్బు పెట్టినవాడు, నగరంలో అమ్మేవాడు ఆ ఫొటోల్లో మాకు ఎప్పుడో గాని కనబడలేదు. సిగ్గు మొత్తం కొండ మీదే ఆగిపోతోంది. ఊరు నిజంగా తెలుసుకోవాల్సింది ఇదే. బోర్డు మీద పేర్లు నెలల తరబడి చూసి, ఎప్పుడూ మనవాళ్ళే ఎందుకున్నారు, పంపినవాళ్ళ పేర్లేవి అని అడగడానికి ఆ రికార్డు పనికి రావాలి. ఒక్క పేరు పట్టుకుని ఆ ఇంటికి నీళ్ళు ఇవ్వకుండా ఉండడానికి కాదు.

2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలో ఖైదీలు నూటికి 75 మంది విచారణ ఖైదీలే. అంటే తీర్పు రాకముందే లోపల ఉన్నవాళ్ళు. అరెస్టు వార్త ఒక్క రోజులో పాకుతుంది. నిర్దోషి అని తీర్పొస్తే ఎవరు ఫార్వర్డ్ చేస్తారు?

మన కులపంచాయితీల్లో తగవు అందరి ఎదుటే జరిగేది. కాని తప్పు పడినవాడూ అక్కడే కూర్చునేవాడు, తన మాట తాను చెప్పుకునేవాడు. తప్పు కట్టి, అందరితో కలిసి తిన్నాక ఆ మాట అక్కడితో ముగిసేది. మళ్ళీ తవ్వితే తవ్వినవాడిదే తప్పు. ఆ పంచాయితీల్లో లోపాలు లేవని కాదు, ఆడవాళ్ళ మాట విన్నది తక్కువ. అయినా బయటపెట్టడానికి ఒక ముగింపు కూడా ఉండాలన్న తెలివి వాటికి ఉండేది. ఫోన్లో తిరిగే ఫొటోకు ముగింపు లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. 18 ఏళ్ళు నిండని పిల్లలు కేసులో ఉంటే వాళ్ళ పేరు, ఫొటో, బడి పేరు ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. వయసు తేల్చడానికి మొదట చూసే కాగితాల్లో బడి ఇచ్చే పుట్టినతేదీ పత్రం ఒకటి. ఇప్పుడు మన అడ్మిషన్ రిజిస్టర్లు తెరిచి చూడండి. సగం మంది జూన్‌లోనే పుట్టి ఉంటారు! తల్లిదండ్రులకు తేదీ తెలియదని మనమే ఏదో ఒకటి వేసేశాం. ఆ గీత ఒక పిల్లవాణ్ణి బాలుర హోముకు పంపాలో పెద్దల జైలుకు పంపాలో తేల్చగలదు. పోలీసు రిజిస్టరు సరిగా లేదని అడిగే ముందు మన రిజిస్టరు సరిగా ఉంచుకుందాం. ఎప్పుడైనా అరెస్టు మెమో మీద సాక్షిగా పిలిస్తే తప్పించుకోవద్దు. వెళ్ళి, సమయం, చోటు సరిగా రాశారో లేదో చదివి సంతకం పెడదాం. ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టొద్దు.

యువకులకూ ఒక మాట. ఊళ్ళో ఎవరినైనా తీసుకెళ్తే నలుగురు కలిసి వెళ్ళండి. ఏ వేళకు, ఏ బండిలో తీసుకెళ్ళారో రాసుకోండి. కబురు ఎవరికి చెప్పారో, బోర్డు మీద పేరు ఉందో లేదో అడగండి. ఎఫ్‌ఐఆర్ నంబరు తెచ్చుకోండి. అది మొదట ఆ ఇంటివాళ్ళ చేతికి, తర్వాత వకీలు చేతికి వెళ్ళాలి. గ్రూపులోకి కాదు.

కిందటి ఏడాది ఆ కుర్రాడు వాయిదాకు వెళ్తూ సంతలో మాకు కనబడ్డాడు. టీ తాగుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మేస్టారూ, ఆ ఫొటో ఇంకా మీ ఫోన్లో ఉందా?" అని అడిగాడు. తీసి చూశాం. ఉంది. అతని ముందే తీసేశాం. ఎంతమందికి పంపామో వాళ్ళందరి ఫోన్లలోంచి తీయడం మా చేతుల్లో లేదు. తమ్ముడెలా ఉన్నాడని అడిగాం. విశాఖలో హోటల్లో పనిచేస్తున్నాడట. టీసీ మాత్రం ఇప్పటికీ మా బడిలోనే ఉంది. ఎప్పుడు వచ్చినా చేర్చుకుంటామని చెప్పి పంపాం.