20 డిగ్రీల కాగితం

ఇబ్రహీంపట్నంలో, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించేంత దూరంలో, ఒక ఫోటో స్టూడియో ఉండేది. దాని యజమాని దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకునేవారు. పగలంతా పాస్‌పోర్టు ఫోటోలు తీసేవారు, చీకటి పడ్డాక డార్క్ రూములో రీళ్లు కడిగేవారు. బెజవాడ పత్రికలకు కావలసిన నలుపు తెలుపు ఫోటోలు కొన్ని అక్కడి నుంచే వెళ్లేవి.

ఫిల్ము కడిగే మందు డెవలపర్‌ను యజమాని తన చేత్తోనే కలిపేవాడు. లీటరు నీటికి 2 గ్రాముల మెటాల్, 5 గ్రాముల హైడ్రోక్వినోన్, 100 గ్రాముల సోడియం సల్ఫైట్, 2 గ్రాముల బొరాక్స్. 1927లో వచ్చిన కోడక్ వాళ్ల డీ-76కూ, దాని జోడీ అయిన ఇల్‌ఫర్డ్ ఐడీ-11కూ ఇవే పాళ్లు. డార్క్ రూము తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు చిక్కటి డెవలపర్‌లో ఏడున్నర నిమిషాలు, సగానికి సగం నీళ్లు కలిపితే 13 నిమిషాలు అని అందులో రాసి ఉండేది. నీళ్లు 20 డిగ్రీలు ఉన్నప్పుడు అన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. అసలు సంగతంతా ఆ అడుగు పంక్తిలోనే ఉందని పెద్ద కుర్రాడికి తట్టలేదు. వాడు పైనున్న అంకెలు కంఠతా పట్టాడు.

1992 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. యజమాని తెల్లవారకముందే కెమెరా తీసుకుని ఫెర్రీ రేవుకు వెళ్లాడు. మొదటి రోజు రీళ్లు కడగడం పెద్దవాడి వంతు అయింది. తొట్టిలో నీళ్లు 30 డిగ్రీలున్నాయి. వాడు చిక్కటి డెవలపర్ పోసి, గడియారం చూసుకుని, సరిగ్గా ఏడున్నర నిమిషాలు ఉంచాడు. ఆ వేడికి 3 నిమిషాల్లో అయిపోవలసిన పని అది. స్నానాలు చేసేవాళ్ల తెల్ల పంచెలు నెగటివ్ మీద తారు ముద్దల్లా గడ్డకట్టాయి. ప్రింటు తీస్తే ఎక్కడా ఒక్క మడత లేదు. ఎండలో మెరిసే నీళ్లేవో, మనిషి నడుమేదో తెలియలేదు.

రెండో రోజు వాడు భయపడి 3 నిమిషాలకే డెవలపర్ పారబోశాడు. లెక్క ప్రకారం తప్పు లేదు. కానీ అంత తక్కువ వ్యవధిలో, మందు పోసేటప్పుడు ముందు తడిసిన చోటుకూ ఆఖరున తడిసిన చోటుకూ ఉండే కొద్దిపాటి తేడాయే పెద్దదవుతుంది. 5 నిమిషాల కన్నా తగ్గించవద్దని చేయి తిరిగినవాళ్లు చెప్పేది అందుకే. ఆకాశం నిండా చారలు పడ్డాయి.

మూడో రోజు చిన్నవాడు ముందుగా నీళ్లలో థర్మామీటర్ ముంచాడు. సెంటరుకు వెళ్లి ఐసు గడ్డ తెచ్చి బేసిన్‌లో వేసి, డెవలపర్‌నూ, బొమ్మను నిలిపే హైపోనూ, ఆఖరున కడిగే నీళ్లనూ అందులో ఉంచి 24 డిగ్రీలకు దింపాడు. అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలని వాడి పట్టుదల. ఒకదాంట్లో చల్లగా, ఇంకోదాంట్లో వేడిగా తగిలితే ఫిల్ము మీది జెలటిన్ పొర ముడతలు పడి చిట్లుతుంది. తర్వాత డెవలపర్‌లో సగానికి సగం నీళ్లు కలిపాడు. అలా చేస్తే వ్యవధి సాగుతుంది, చేయి తిప్పుకోవడానికి సందు దొరుకుతుంది. పైగా పలచటి డెవలపర్ బాగా వెలుతురు పడ్డ చోట త్వరగా నీరసించి, నీడలున్న చోట తన పని తాను చేస్తూనే ఉంటుంది. డిగ్రీకి పది శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే 13 కాస్తా 9కి దగ్గరైంది. పాత రీలు నుంచి జానెడు ముక్క కత్తిరించి ముందు దాన్ని కడిగి చూశాడు, ఆ తర్వాతే అసలు రీలు వేశాడు. పంచెల్లో మడతలు నిలిచాయి. ఒక ముసలాయన దోసిట్లోంచి జారే నీటి ధార విడిగా కనిపించింది. మర్నాడు ఆ బొమ్మ పత్రికలో పడింది.

పెద్దవాడు అది చూసి, కాగితం మీద 13 కొట్టేసి 9 అని పెన్సిల్‌తో దిద్దాడు. పుష్కరాల్లో మిగిలిన రోజులన్నీ ఆ అంకెతోనే, ఆ ఐసుతోనే పని చక్కగా నడిచింది.

సంక్రాంతి వచ్చింది. చిన్నవాడు పండక్కి ఊరెళ్లాడు. ధనుర్మాసపు మంచులో తీసిన ముగ్గుల ఫోటోలు, హరిదాసు ఫోటోలు ఉన్న రీళ్లు పెద్దవాడి చేతికొచ్చాయి. చలికాలమే కదా అని వాడు ఐసు తేలేదు, దిద్దిన అంకె ప్రకారం 9 నిమిషాలు ఉంచాడు. తెల్లవారుజామున తొట్టి నీళ్లు 21 డిగ్రీలే ఉన్నాయి. నెగటివ్‌లు పలచగా వచ్చాయి. అసలే మంచులో మసకబారిన బొమ్మలు, ఇంకా చప్పబడి ముగ్గూ నేలా ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. తలుపు మీది పాత 13ను కొట్టేయకుండా ఉంటే, ఆ ఒక్క ఉదయానికి అది చాలావరకు సరిపోయేది.

యజమాని ఎవరినీ తిట్టలేదు. కాగితం మార్చలేదు, దిద్దుబాటు చెరపలేదు. థర్మామీటర్‌కు దారం కట్టి సరిగ్గా ఆ అంకెలకు అడ్డంగా వేలాడదీశాడు. దాన్ని చేతిలోకి తీసుకుంటే తప్ప కాగితం చదవడం కుదరలేదు.

ఈ కథలో రెండు అంకెలూ నిజమైనవే, ఒక్కోటీ ఒక్కో నీటికి నిజం. పెద్దవాడు మొదట కాగితాన్ని, తర్వాత తమ్ముడిలాంటివాడి విజయాన్ని అరువు తెచ్చుకున్నాడు. ఆ విజయానికి ముందు జరిగిన కొలతను మాత్రం రెండుసార్లూ వదిలేశాడు, పనిమంతుడి దగ్గర నేర్చుకోవలసింది దాన్నే.