ఒక్క ఓటు

1941 డిసెంబరు 8. ముందురోజే జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాయి. అమెరికా ప్రతినిధుల సభలో యుద్ధ ప్రకటన మీద ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 388, వ్యతిరేకంగా ఒకటి. ఆ ఒక్క ఓటు జానెట్ రాంకిన్‌ది. మోంటానా నుంచి గెలిచిన రిపబ్లికన్. ఓటింగ్ అయ్యాక జనం చుట్టుముడితే, ఓ టెలిఫోన్ బూత్‌లోకి దూరి పోలీసులకి ఫోన్ చేయాల్సి వచ్చింది.

ఆమె గురించి చదివిన ప్రతిసారీ నాకు ముందు గౌరవం కలుగుతుంది, వెనకాలే చిరాకు వస్తుంది. ఈ రెండూ ఎందుకిలా జంటగా వస్తాయో తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలు.

ఆమె 1917లో వేసిన ఓటుతో నాకు పేచీ లేదు. 1880లో మిసౌలా దగ్గర పుట్టింది. మోంటానా ఆడవాళ్ల ఓటుహక్కు కోసం ఊరూరా తిరిగింది. 1914లో అది వచ్చింది. 1916లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొట్టమొదటి స్త్రీ అయింది. అప్పటికి దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకి ఓటే లేదు! సభలో అడుగుపెట్టిన నాలుగు రోజులకే, ఏప్రిల్ 6న, మొదటి ప్రపంచయుద్ధంలో చేరడం మీద ఓటింగ్ వచ్చింది. నువ్వు కాదంటే ఉద్యమానికే దెబ్బ అని ఓటుహక్కు ఉద్యమంలోని కొందరు భయపడ్డారు. తమ్ముడు వెల్లింగ్టన్ కూడా అనుకూలంగా వేయమన్నాడు. ఆమె కాదనే అంది. 373కి 50. తనతో పాటు మరో 49 మంది మగవాళ్లు వద్దన్నా, జనం నోళ్లలో నానింది ఆమె పేరే. మరుసటేడు సెనేట్‌కి పోటీచేసి ఓడిపోయింది. ఆ యుద్ధం ఏం సాధించిందో ఇరవయ్యేళ్లలో తేలిపోయింది కాబట్టి, ఇప్పుడు ఆమె పక్కన నిలబడటం నాకు తేలిక.

1941లో అలా నిలబడలేను. దాడి జరిగిపోయింది. అవతల యూరప్‌లో హిట్లర్ ఉన్నాడు. ఆ సభలో ఉంటే నేనూ ఆ 388 మందిలోనే ఉండేవాణ్ణి. నా చిరాకు మొదలయ్యేది ఇక్కడే. ఆమె చేతికి రక్తం అంటలేదంటే, మిగతావాళ్లు అంటించుకున్నారు కాబట్టే కదా? సభ సరిగ్గా సగానికి చీలి, అంతా తన ఓటు మీదే ఆగివుంటే? అప్పుడూ కాదనే వేసేదని నా నమ్మకం. నన్ను భయపెట్టేది కూడా అదే.

అయితే ఇంకో సంగతి ఆలోచించాలి. ఆ రోజు తోటి సభ్యులు కొందరు ఆమె దగ్గరకొచ్చి, అనుకూలంగా వెయ్యి, కనీసం వెయ్యకుండా ఊరుకో అని బతిమాలారు. ఎందుకు? తీర్మానం ఎలాగూ నెగ్గుతుంది. ఆ ఒక్క ఓటుతో ఆగేదేమీ లేదు. వాళ్లకి కావాల్సింది గెలుపు కాదు, ఏకగ్రీవం. అందరూ ఔనన్నాక ఇక ఎవరూ విడిగా జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఒక్కరు కాదన్నా, ఔనన్న ప్రతివాడూ తను ఎంచుకునే ఔనన్నట్టు లెక్క. ఆడదాన్ని కనుక నేను యుద్ధానికి వెళ్లలేను, ఇంకెవర్నీ పంపను అన్నది ఆమె మాట. పంపేవాళ్లు ఆ మాట ఒక్కసారైనా విని పంపాలి.

అలాగని ఒంటరిగా నిలబడ్డ ప్రతివాడికీ దండలు వేయలేం. ఒంటరితనం సత్యానికి రుజువు కాదు. మొండివాళ్లూ ఒంటరిగానే ఉంటారు. రాంకిన్ విషయంలో నాకు తేడా కనిపించేది రెండు చోట్ల. యుద్ధానికి వ్యతిరేకినని చెప్పే 1940లో ఓట్లడిగింది. మోసం లేదు. తర్వాత దాని ఖరీదు తనే కట్టింది: 1942లో మళ్లీ పోటీ చేయలేదు, ఆ సభలో మళ్లీ కూర్చోలేదు. మూడు రోజుల తర్వాత జర్మనీ, ఇటలీల మీద ఓటింగ్‌లో ఔననీ అనలేదు, కాదనీ అనలేదు, 'హాజరు' అని మాత్రం అంది. దాన్ని వెనకడుగు అనేవాళ్లు అనొచ్చు. తన మాటని వదులుకోకుండా, మళ్లీ అడ్డం కూడా పడకుండా, నేనిక్కడే ఉన్నానని చెప్పడంలా నాకనిపిస్తుంది.

కాన్సాస్ పత్రికా సంపాదకుడు విలియం అలెన్ వైట్ అప్పట్లోనే ఆమె నిర్ణయంతో ఏమాత్రం ఏకీభవించనని రాస్తూనే, అది ఎంత ధైర్యమో కూడా రాశాడు. ఆ రెండు మాటలూ ఒకే చేత్తో రాయగలగడం నాకు నచ్చింది.

ఆమె మాత్రం అక్కడ ఆగలేదు. గాంధీ మార్గం మీద గురితో 1946 నుంచి పలుమార్లు భారతదేశం వచ్చింది. 1968లో, 87 ఏళ్ల వయసులో, వియత్నాం యుద్ధం ఆపమంటూ వేలమంది స్త్రీలతో వాషింగ్టన్‌లో నడిచింది. 1973లో చనిపోయింది.

ఇప్పటికీ నా ఓటు ఆ 388తోనే. కానీ ఆమె లేని సభలో ఆ ఓటు వేయాలంటే మాత్రం భయపడతాను.