రెండో గొట్టం

పాత యెజ్డీ మోటారుసైకిలు గుర్తుందా? మైసూరులో 1996 దాకా తయారయింది. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు! ఆ చప్పుడు మీద మోజుతోనే కొనుక్కున్నవాళ్లున్నారు.

గుడివాడలో ఓ కుర్రాడు పాత జీపుకి అలాగే రెండో గొట్టం వెల్డింగు చేయిస్తానన్నాడనుకోండి. పొగకి దారి సులువైతే ఇంజనుకి ఊపిరాడుతుందన్నది నిజమే. బండి తనది, డబ్బు తనది. మరి మోతో? అది వీధిలో అందరిదీ.

ఆ జీపు అర్ధరాత్రి అవనిగడ్డ మీదుగా పోతుంటే, 1977 నవంబరు 19 ఉప్పెనని చూసిన ముసలమ్మకి ఆ హోరు ఏం గుర్తుచేస్తుందో! మితిమీరిన శబ్దానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం జరిమానా వేస్తుంది, సరే. జడుసుకుని లేచిన పసిబిడ్డని జోకొట్టేది చట్టం కాదుగా, తల్లే!

మన పెళ్లి ఊరేగింపుల మైకు మాటేమిటంటారా? అదీ అంతే, కాదనను.

ఆర్టీవో ఒప్పుకుంటే గొట్టాలు రెండూ పెట్టుకోమనండి. లోపల చప్పుడుని అణిచే రేకులు మాత్రం పీకించొద్దనండి.