మూడు రోజుల నెల్లూరు తీరం

సెలవులకు మధ్యధరా తీరం చూసొద్దామని లెక్కలు వేసుకునేవారు, ముందు ఒక్క మూడు రోజులు మన నెల్లూరు తీరానికి కేటాయించండి. మొదటి రోజు పెన్న ఒడ్డున రంగనాథస్వామి దర్శనం, సాయంత్రం మైపాడు అలలు, రాత్రికి మామిడికాయ వేసిన చేపల పులుసు. రెండో రోజంతా నేలపట్టు పక్షుల కేంద్రానికే ఇవ్వండి. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు. తల్లి సంచిముక్కు తెరిస్తే, పిల్ల తల మొత్తం లోపలికి దూర్చి చేప తింటుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు. మూడో రోజు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు. రెండువైపులా పులికాట్ సరస్సు, దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోలు. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. వేసవికి నీరు ఇంకి చాలాచోట్ల బురదనేలే మిగులుతుంది. నేలపట్టులో మాత్రం కేకలు వేయకండి, గూళ్లలో పసికూనలుంటాయి.