మన ఇంటికి మనమే కొత్తవాళ్లమైతే...



మాది చీరాల పక్కన ఈపురుపాలెం, మగ్గాల ఊరు. మా నాన్నగారు గుంట మగ్గం నేసే మమ్మల్ని చదివించారు. నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా.

మొన్న సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. చిన్నప్పుడే వెళ్లిపోయాడు కాబట్టి మా ఊళ్లో అంతా కొత్తే. మగ్గం పక్కన కూర్చుని, "బాబాయ్, పడుగు పోగు తెగితే ఎలా అతుకుతారు? అంతసేపు గుంటలో కూర్చుంటే కాళ్లు నొప్పి పుట్టవా?" అని అడిగాడు. నాన్న నాడె ఆపి గంటసేపు మాట్లాడారు. కుడి మోకాలు నాలుగేళ్లుగా నొప్పిగా ఉందట. ఆ సంగతి నాకు తెలీదు! నేనెప్పుడూ అడగలేదు కదా.

రాత్రి, "అన్నయ్యా, నీకెలా తోచింది అడగాలని?" అన్నా.

"అక్కడ పరాయివాణ్ణి కదరా, అలవాటైపోయింది. తెలీదని అడిగితే ఎవరూ నవ్వరు. వాళ్ల పాత తగాదాలతో నాకు పని లేదు. గుడికి గంటన్నర కారు నడపాలి, అందుకే వెళ్లిన రోజు మనసు కూడా గుళ్లోనే ఉంటుంది. ఇక్కడైతే ఆదివారమే నా ఫ్లైటు" అన్నాడు.

పరాయి దేశంలో వీసా బెంగ, ఒంటరితనం ఉంటాయి, నిజమే. కానీ కొత్తవాడికి కళ్లు తెరుచుకుని ఉంటాయి. ఉద్యోగం కోసం 1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్‌నే చూడండి. వేమన పద్యాలు మనవాళ్ల నోళ్లలో నానుతున్నవే. వాటి రాతప్రతులు వెతికించి, మన పండితుల సాయంతో 1829లో అచ్చు వేయించింది మాత్రం ఆయనే. పిట్స్‌బర్గ్‌లో 1970ల్లో వేంకటేశ్వరస్వామి గుడి కట్టుకున్న మనవాళ్ల సంగతీ అంతే. ఊళ్లో ఎవరో కట్టిన గుడి ఉండేది. అక్కడ కావాలనుకుని తామే కట్టుకున్నారు.

భాగవతం చెప్పేదీ ఇదే. శుకమహర్షి గృహస్థు ఇంటి ముందు ఆవు పాలు పితికేంత సేపే నిలబడేవారట. అంతటి ఆయన పరీక్షిత్తు దగ్గర మాత్రం ఏడు రోజులు కూర్చున్నారు. ఎందుకంటే రాజుకు తన ప్రయాణం రోజు తెలుసు, అందుకే ప్రతి మాటా చెవులు రిక్కించి విన్నాడు. మనకూ ప్రయాణం ఉంది. తేదీ తెలీదు కాబట్టి, ఇంకా చాలా టైముంది అనుకుంటాం.

అందుకే ఈ వారం ఒక చిన్న సాధన. అమ్మతోనో నాన్నతోనో కొత్తగా వచ్చిన చుట్టంలా కూర్చోండి. మీకు తెలుసనుకున్న విషయమే ఒకటి అడగండి. ఫోన్ పక్కన పెట్టి వినండి.

నేను తర్వాతి శనివారమే ఊరెళ్లా. నాన్నని చీరాలలో డాక్టరుకి చూపించా. తిరిగొచ్చాక మగ్గం దగ్గర కూర్చుని, పడుగు పోగు ఎలా అతకాలో నేర్పించమన్నా. ఆయన నవ్వి, "ఇన్నాళ్లకా!" అన్నారు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.